చంటివాడితో మీనాక్షమ్మ దగ్గరికి

మన ఇళ్ళలో బాలింతా బిడ్డా గడప దాటడానికి ఓ లెక్కుంది. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల, ఆ తర్వాత మూడో నెల్లోనో ఐదో నెల్లోనో మంచిరోజు చూసుకుని పుట్టింటి నుంచి అత్తవారింటికి ప్రయాణం. ఆ ప్రయాణం కూడా ఎంతని? తెనాలి నుంచి గుంటూరు, లేదంటే బాపట్ల నుంచి చీరాల. అంబాసిడర్ కారు వెనక సీట్లో తల్లి తలకి గుడ్డ, చెవుల్లో దూది, ఒళ్ళో బిడ్డ, బిడ్డ అరికాల్లో దిష్టి చుక్క. అద్దాలు ఎక్కించేసి, డ్రైవరుకి "నెమ్మదిగా పోనివ్వు నాయనా" అని ఊరు దాటేలోపు పదిసార్లు చెప్పడం.

ప్లేనోలో కాపురం ఉంటే ఆ లెక్క ఎక్కడ కుదురుతుందండీ? హాస్పిటల్ నుంచి ఇంటికి రావడమే రెండో రోజున, ఫ్రీవే మీద. పురుడు పోయడానికి వచ్చిన అమ్మకి తిరుగు టిక్కెట్టు ఉంటుంది. మా ఆయన సెలవులు వేళ్ళమీద లెక్కపెట్టుకోవాలి. అందుకే మొన్న ఏప్రిల్లో, మా చిన్నవాడికి సరిగ్గా తొమ్మిది వారాలు నిండాక, ప్లేనో నుంచి హ్యూస్టన్ అవతల పేర్‌లాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి బయలుదేరాం. సుమారు 270 మైళ్ళు. మామూలుగా అయితే నాలుగున్నర గంటల దారి.

ఇర్వింగ్‌లో గుడి ఉంది, ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉంది, ఇంత దూరం దేనికి అని మీరు అడగొచ్చు. మా స్నేహితులూ అడిగారు. నాకు ఆరో నెల్లో డాక్టర్లు మంచం దిగొద్దన్నప్పుడు, తెనాలిలో ఉన్న అమ్మకి తోచింది మీనాక్షమ్మే. ప్లేనో రాకముందు మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం, మా పెద్దదానికి అన్నప్రాశన ఆ గుడిలోనే అయింది. టెక్సాస్‌లో అమ్మకి పరిచయమున్న దేవుడి చిరునామా అదొక్కటే. "బిడ్డ క్షేమంగా బయటపడితే నేనే తెచ్చి నీకు చూపిస్తాను తల్లీ" అని మొక్కుకుంది. "నేనే" అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు. అమ్మ విమానం ఏప్రిల్ ఆఖరి వారంలో. రెండు నెలల టీకాలు పడేదాకా ఊరు దాటొద్దని మా డాక్టరమ్మ ఆంక్ష. ఈ రెండింటి మధ్యా మిగిలింది రెండు వారాంతాలు. ఆ మొక్కు తీరకుండా విమానమెక్కితే అమ్మ ఆ పదిహేను వేల కిలోమీటర్లూ కళ్ళు తుడుచుకుంటూనే వెళ్తుందని నాకు తెలుసు.

డాక్టరమ్మ సరేనంది కానీ రెండు షరతులు పెట్టింది. మొదటిది, రెండు గంటలకి మించి బిడ్డని కార్ సీట్లో ఉంచకూడదు. ఆ వయసు పిల్లలకి తల బరువు, మెడ బలహీనం. ఏటవాలుగా కూర్చుని నిద్రపోతుంటే గడ్డం గుండెల మీదికి వాలి ఊపిరి దారి ఇరుకవుతుంది. అందుకని ఆపి, బయటికి తీసి, కాసేపు చదునుగా పడుకోబెట్టాలి, లేదా భుజాన వేసుకోవాలి. రెండోది, థర్మామీటరు చేతిసంచిలోనే ఉండాలి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలు ఉందంటే మందు వేసి చూద్దామనుకోవడం కాదు, ఎక్కడుంటే అక్కడ వెంటనే డాక్టరుకి చూపించాలి. అందుకని దారిలో ఏ ఊళ్ళో హాస్పిటల్ ఉందో మా ఆయన ముందురోజే రాసిపెట్టుకున్నారు.

అసలు యుద్ధం మాత్రం ముందురోజు సాయంత్రం మా గరాజ్‌లో జరిగింది. వ్యాన్‌లో బిడ్డ సీటు వెనక్కి తిప్పి బిగించి ఉంది. మా ఆయన పట్టీలు సరిచూస్తున్నారు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి పట్టుకుంటే మడత అందకూడదు, రొమ్ము మీది క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి, పట్టీల కింద మందపాటి కోటు వేయకూడదు. అమ్మ చూసి చూసి అంది: "పసిగుడ్డుని ఖైదీలా అలా కట్టేస్తారా బాబూ? నాలుగు గంటలేగా, నా ఒళ్ళో పడుకోబెట్టుకుంటాను. మీ ఆవిడని అలాగే తెచ్చాను గుంటూరు ఆసుపత్రి నుంచి."

మా ఆయనకి కోపం రాలేదు. ఇంజనీరు కదా, లెక్క చెప్పారు. "అత్తయ్యా, వీడి బరువు ఇప్పుడు పన్నెండు పౌన్లు. ముప్ఫై మైళ్ళ వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఠక్కున ఆగిందనుకోండి, ఆ క్షణంలో వీడు తన బరువుకి పాతిక ముప్ఫై రెట్లు ముందుకి లాగుతాడు. అంటే నూట యాభై కిలోలు. రెండు బియ్యం బస్తాలు. మీరు పట్టుకోగలరా?" మేం వెళ్ళేది డెబ్భై మైళ్ళ వేగంతో అన్న సంగతి పాపం ఆయన చెప్పలేదు. అమ్మ కాసేపు సీటు వంక చూసి, "మరి వెనక్కి తిప్పారెందుకు, దారి కనబడదుగా వాడికి" అంది. వెనక్కి తిప్పితే ఆ విసురంతా మెడ మీద పడకుండా వీపంతా పరుచుకుంటుందని చెప్పారు. మాట్లాడకుండా లోపలికెళ్ళి, ఓ పాత నూలు చీర ముక్క తెచ్చి, "కనీసం ఇదైనా కాళ్ళ మీద కప్పండి" అంది. పట్టీలు బిగించాక పైన కప్పుకోవచ్చు గనక అదీ ఒప్పందమైంది.

మా పెద్దదానికి ఏడేళ్ళు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళు నిండేదాకా, లేదా నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు వచ్చేదాకా, పిల్లలకి బూస్టరో కార్ సీటో ఉండాల్సిందే. "తమ్ముడూ, నేనూ ఇద్దరం బేబీలమేనా?" అని అలిగింది. దానికి ఓ నోటు పుస్తకం ఇచ్చి, ఆగిన ప్రతి చోటూ రాయమన్నాం. ఈ వ్యాసంలో వరస తప్పకుండా ఉందంటే దాని చలవే.

శనివారం పొద్దున ఆరింటికి పాలు పట్టి, ఆరుంపావుకి కస్టర్ రోడ్డు మీద నుంచి 75 ఎక్కాం. వారమంతా ఇసకేస్తే రాలని ఆ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ వేళకి ఖాళీగా ఉంటుంది. డాలస్ భవనాల దీపాలు ఆరకముందే ఊరు దాటి ఐ-45 మీదికి వచ్చేశాం. కాస్త తెల్లవారుతుండగా ట్రినిటీ నది వంతెన వచ్చింది. "ఇదేం ఏరు?" అని అడిగింది అమ్మ. చెప్పాను. వెంటనే పర్సులోంచి ఓ పావలా తీసింది, అదేనండీ, క్వార్టరు. బిడ్డ మొదటిసారి ఏరు దాటుతుంటే నాణెం వేయాలి. డెబ్భై మైళ్ళ వేగంతో పోతూ వంతెన మీద అద్దం దించి నాణెం విసిరితే ఏరు సంగతేమో గానీ పోలీసు మాత్రం తప్పక వస్తాడని మా ఆయన బతిమాలారు. అమ్మ ఆ నాణేన్ని పసుపు గుడ్డలో ముడివేసి, "నీ బాకీ ఉంది తల్లీ" అని నది వైపు చెప్పి, బొడ్లో దోపుకుంది.

మొదటి మజిలీ ఎన్నిస్. ఏటా ఏప్రిల్లో టెక్సాస్ అంతా ఈ ఊరు పేరు తలుచుకుంటుంది. బ్లూబానెట్ టెక్సాస్ రాష్ట్ర పుష్పం, 1901 నుంచి. ఎన్నిస్‌ని 1997లో రాష్ట్రపు అధికారిక బ్లూబానెట్ నగరంగా ప్రకటించారు. ఊరి చుట్టూ నలభై మైళ్ళకి పైగా పూలదారులు గుర్తు పెట్టి ఉంచుతారు. దారి పక్కన నీలం దుప్పటి పరిచినట్టుంది. పూలవి అవే మొలిచినట్టు కనిపిస్తాయి గానీ, రాష్ట్ర రవాణా శాఖ ఏటా దాదాపు ముప్ఫై వేల పౌన్ల అడవిపూల విత్తనాలు రోడ్ల పక్కన చల్లిస్తుంది, గింజ రాలేదాకా గడ్డి కోయించదు. గడ్డి కోయకుండా ఆగడం కూడా ఒక పనే అని నాకు అక్కడే తెలిసింది. పెద్దది పూలల్లోకి పరిగెత్తబోతే ఆపాను. తొక్కితే మొక్క పోతుంది, పైగా పాములుండే కాలం. చిన్నవాడికి గుడ్డ మార్చి, భుజాన వేసుకుని, గట్టు మీద అటూ ఇటూ తిప్పాం. తొమ్మిది వారాల కంటికి అంత నీలం ఏం కనిపించిందో గానీ, కళ్ళు చికిలించి తుమ్మాడు. "చల్లగాలి" అంది అమ్మ. అరగంట అయింది. ఆ అరగంటలో మామూలు రోజుల్లో మేం కోర్సికానా దాటిపోయుండేవాళ్ళం.

రెండో మజిలీ కోర్సికానా. ఎన్నోసార్లు డెబ్భై అయిదు మైళ్ళ వేగంతో దాటేసిన ఊరు. 1894లో ఈ ఊరి వాళ్ళు మంచినీళ్ళ కోసం బావి తవ్వుతుంటే నూనె పడిందట. తిట్టుకున్నారట కూడా, అడిగింది నీళ్ళు కదా. టెక్సాస్ చమురు వ్యాపారం మొదలైంది ఇక్కడే. మాకు అక్కడ కావలసింది మాత్రం పాలు. 1896 నుంచి ఫ్రూట్ కేకులు చేసి దేశదేశాలకి పంపుతున్న కాలిన్ స్ట్రీట్ బేకరీ ఉంది. ఓ మూల కుర్చీ చూసుకుని చున్నీ కప్పుకుని కూర్చున్నాను. అమ్మ నాకు అడ్డంగా నిలబడి అటూ ఇటూ చూస్తోంది, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. టెక్సాస్‌లో 1995 నుంచి చట్టం ఉందమ్మా, తల్లి ఎక్కడ ఉండొచ్చో అక్కడల్లా బిడ్డకి పాలివ్వొచ్చు అని చెప్పాను. "దీనికి కూడా చట్టం కావాలా ఇక్కడ? మన రేపల్లె బస్సులో ఎవరడుగుతారే" అంది. నిజమే. కానీ అటునుంచి వచ్చిన ఓ తెల్ల ముసలావిడ అడక్కుండానే ఓ గ్లాసు నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. పాలిచ్చే తల్లికి దాహం వేస్తుందని ఎవరో చెప్తే తెలిసేది కాదు. అప్పటి నుంచి అమ్మ అడ్డంగా నిలబడటం మానేసింది.

కేకు రుచి చూసి అమ్మ ఇచ్చిన తీర్పు కూడా రాయాలి. పెకాన్ పప్పులూ, ఎండు పళ్ళూ దట్టంగా కూరి ఉంటాయి అందులో. "ఇది మన కాయం ఉండకి దూరపు చుట్టం. శొంఠీ, పిప్పళ్ళూ మర్చిపోయారు" అంది. ఆ కాయం డబ్బా, వెల్లుల్లి కారం, ఫ్లాస్కులో వాము నీళ్ళు మాతో ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. అవి నాకు. బిడ్డకి మాత్రం పాలు తప్ప ఏదీ లేదు. ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా వద్దు, ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు అని డాక్టరమ్మ చెప్పినప్పుడు అమ్మ చేతిలో తేనె సీసా ఉంది. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో విషం పుట్టిస్తుందట. ఆ సీసా ఇప్పటికీ మా ఇంట్లో మూత తీయకుండా ఉంది.

ఫెయిర్‌ఫీల్డ్ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, గుడ్డ మార్చాం, అంతే. సెంటర్‌విల్ దాటేదాకా బిడ్డ నిద్రపోయాడు. అక్కడ మొదలైంది ఏడుపు.

ఐ-45 మీద ఎగ్జిట్ నంబర్లు గాల్వెస్టన్ దగ్గర మొదలవుతాయి, కాబట్టి దక్షిణంగా పోతుంటే తగ్గుతూ వస్తాయి. సెంటర్‌విల్ 164, మాడిసన్‌విల్ 142. మధ్యలో పెద్ద ఊళ్ళు లేవు, ఓక్ చెట్లూ ఆవులూ ఉంటాయి. వీడి ఏడుపు మొదట కొంచెం గునుపు, తర్వాత ఆకలి, తర్వాత నీలం తిరిగే ఏడుపు. తల్లులకి చెప్పక్కర్లేదు, నాకు ముందు సీట్లో పాలు చేపి రవిక తడిసిపోయింది. పక్కనే కూర్చున్న అమ్మ చెయ్యి పట్టీ బొత్తాం మీదికి వెళ్ళింది. "ఒక్క నిమిషం తీస్తానే, ఒక్క నిమిషం" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఆయన వెనక్కి తిరక్కుండా, "వద్దు అత్తయ్యా, వచ్చే ఎగ్జిట్‌లో ఆపుతాను" అన్నారు. షోల్డరు మీద ఆపమంటే అదీ వద్దన్నారు. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీలు పోతుంటే మన వ్యాన్ ఊగిపోతుంది, ఆగి ఉన్న బండిని గుద్దేవాళ్ళుంటారు.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. చూపుడు వేలు వాడి గుప్పిట్లో పెట్టింది. జోల అందుకుంది గానీ గొంతు పెగల్లేదు. వెనక సీటు నుంచి మా పెద్దది మైలు రాళ్ళు చదవడం మొదలుపెట్టింది, "వన్ ఫిఫ్టీ సిక్స్... వన్ ఫిఫ్టీ ఫైవ్... అమ్మమ్మా, ఇంకొంచెమే". ఆ నాలుగైదు మైళ్ళు నాకు డాలస్ నుంచి హైదరాబాదు అంత పొడుగనిపించాయి. వ్యాన్‌లో నలుగురికీ ఏడుపొస్తోంది, ఏడుస్తున్నది మాత్రం ఒక్కడే.

చివరికి ఓఎస్సార్ అని బోర్డున్న ఎగ్జిట్ వచ్చింది. దిగి, పక్కన ఖాళీ జాగాలో ఆపి, వాణ్ణి తీసి గుండెకి హత్తుకుని పాలు పట్టాక గానీ ఆ బోర్డు వంక చూడలేదు. ఓఎస్సార్ అంటే పాత శాన్ ఆంటోనియో రోడ్డు. అంకెకి బదులు అక్షరాలే పేరుగా ఉన్న రాష్ట్ర రహదారి. స్పెయిన్ వాళ్ళు 1690ల నుంచి శాన్ ఆంటోనియో వైపు నుంచి తూర్పు టెక్సాస్‌లోని తమ మిషన్లకి గుర్రాల మీదా, బండ్ల మీదా తిరిగిన రాజమార్గంలో ఓ ముక్క. 2004లో దాన్ని జాతీయ చారిత్రక మార్గంగా గుర్తించారు. మూడు వందల ఏళ్ళలో ఇక్కడ బండి ఆపి బిడ్డకి పాలిచ్చిన తల్లి నేనే మొదటిదాన్ని అయ్యుండను. మా ఆయన ఇదంతా అమ్మకి చెప్తుంటే ఆవిడ అడిగింది: "అప్పుడు బండ్లు ఎంత వేగం పోయేవి?" రోజుకి పదో పదిహేనో మైళ్ళు అయ్యుంటాయి అన్నారు ఆయన. "అయితే వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఉంటార్లే" అని, కాసేపాగి, "ఆ వేగానికి ఒళ్ళు చాలు" అంది. ఆ తర్వాత సీటు గురించి మా మధ్య మాట రాలేదు.

మాడిసన్‌విల్ బకీస్ గురించి పిల్లలకి చెప్పక్కర్లేదు, ఆ బీవరు బొమ్మ టోపీ కనిపిస్తే చాలు. శుభ్రమైన బాత్‌రూములే తమ గొప్ప అని దారి పొడుగునా బోర్డులు పెట్టుకున్న పెట్రోలు బంకు ప్రపంచంలో ఇంకోటి ఉందో లేదో. బిడ్డకి గుడ్డ మార్చే బల్ల, కింద నీళ్ళ తడి లేని నేల చూసి అమ్మ, "ఇది గుడి కంటే శుభ్రంగా ఉందే" అంది. చమత్కారం ఏమిటంటే ఈ బకీస్ మొదటి దుకాణం లేక్ జాక్సన్‌లో తెరిచిందీ, మేం వెళ్తున్న మీనాక్షి ఆలయానికి కుంభాభిషేకం జరిగిందీ ఒక్క ఏడాదే, 1982లో.

హంట్స్‌విల్‌లో చెట్ల పైనుంచి తెల్లగా ఓ మనిషి లేచి నిలబడతాడు. శామ్ హ్యూస్టన్. 1836లో టెక్సాస్ స్వతంత్ర దేశమైనప్పుడు ప్రజలు ఎన్నుకున్న మొదటి అధ్యక్షుడు, 1863లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. డేవిడ్ ఆడిక్స్ అనే శిల్పి కాంక్రీటూ ఉక్కుతో చేసిన 67 అడుగుల విగ్రహం, 1994లో నిలబెట్టారు. దాని కింద బల్ల మీద చీర ముక్క పరిచి బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాం. ఒళ్ళు విరుచుకుని కాళ్ళు ఆడించాడు. పెద్దది విగ్రహం బూటు కంటే తమ్ముడు ఎంత చిన్నో కొలిచి నోటు పుస్తకంలో బొమ్మ గీసింది.

హ్యూస్టన్ దాటి పేర్‌లాండ్ చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. తొమ్మిదింపావు గంటలు. స్నేహితుల ఇంట్లో స్నానాలు చేసి, సాయంత్రం గుడికి వెళ్ళాం. సముద్రానికి దగ్గరగా కొండా గుట్టా లేని నేల కదా, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. మధుర ఆలయం నమూనాలో కట్టిన గుడి. మీనాక్షమ్మ, సుందరేశ్వరుడు, వెంకటేశ్వరస్వామి ఉంటారు. వాన్‌లోంచి దిగగానే అమ్మ బిడ్డని నా చేతుల్లోంచి తీసుకుంది, తొమ్మిది గంటల బాకీ. చీర ముక్కలో చుట్టి, అమ్మవారి ముందు రెండు చేతులా ఎత్తి చూపించింది. పూజారిగారు గోత్రం అడిగితే చెప్పడానికి ఆవిడకి మాట రాలేదు, నేనే చెప్పాను. తర్వాత బొడ్లోంచి పసుపు గుడ్డ తీసి, ముడి విప్పి, క్వార్టరుని హుండీలో వేసింది. ఏరు ఈ సముద్రంలోకే కదా వచ్చేది అని ఆవిడ సమాధానం. ట్రినిటీ నిజంగానే గాల్వెస్టన్ అఖాతంలో కలుస్తుంది.

తిరుగు ప్రయాణానికి కూడా అంతే పట్టింది. ఒక మజిలీ తక్కువ, ఒక వాన ఎక్కువ.

అమ్మ తెనాలి వెళ్ళి రెండు నెలలైంది. మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళ ఆరు నెలల పాపని ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుని విజయవాడ పెళ్ళికి బయలుదేరబోతుంటే, అమ్మ కారు తలుపు పట్టుకుని నిలబడి రెండు బస్తాల లెక్క చెప్పిందట. మన దేశంలో కూడా 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలో పిల్లలకి రక్షణ సీటు ఉండాలని ఉంది గానీ, మా తమ్ముడు భయపడింది చట్టానికి కాదు. "ఆ సీటు ఎంతవుతుందక్కా, ఇక్కడ దొరుకుతుందా, నువ్వే పంపిస్తావా?" అని అడిగాడు. వెనక నుంచి అమ్మ గొంతు వినబడుతోంది, వెనక్కి తిరిగేదే కావాలని చెప్పమని.